పికప్ వాహనాల ఇంజిన్‌లో ‘నాకింగ్’: కారణాలు, నిర్ధారణ, మరమ్మతు

గుజరాత్‌లోని సూరత్ నగరం నుంచి హజీరా ఓడరేవుకు వెళ్లే మార్గంలో ఇచ్ఛాపూర్ ఉంది. ఉక్కు, ఎరువుల కర్మాగారాలున్న హజీరాకు, వస్త్ర వ్యాపారానికి పేరొందిన సూరత్‌కు మధ్య సరుకు చేరవేసే పికప్ వాహనాలకు ఇది నిత్యం తిరిగే దారి. నిండు బరువుతో బయలుదేరిన బండి వేగం పుంజుకునే వేళ, రేకు డబ్బాలో గులకరాళ్లు కదిలినట్లు ఇంజిన్ నుంచి శబ్దం వెలువడటాన్ని మెకానిక్‌లు ‘నాకింగ్’ అంటారు. యజమానే డ్రైవరైన చోట బండి షెడ్డుకు చేరితే ఆనాటి రాబడి ఆగిపోతుంది. కారణం తేలకుండా ఇంజిన్ విప్పితే ఖర్చు వృథా అవుతుంది. శబ్దాన్ని పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ దెబ్బతింటుంది.

శబ్దం ఎలా పుడుతుంది?

పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ వద్ద పుట్టిన మంట సిలిండర్ అంతటా క్రమంగా వ్యాపించాలి. ఆ మంట చేరకముందే, ఒక మూలన మిగిలిన ఇంధన మిశ్రమం పీడనానికి, వేడికి తనంతట తానే భగ్గుమంటే పీడన తరంగాలు సిలిండర్ గోడలను తాకుతాయి. వినిపించే లోహ ధ్వని వాటిదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సిలిండర్‌లోకి గాలి, ఇంధనం ఎక్కువగా చేరి పీడనం పెరుగుతుంది కాబట్టి లోపం అప్పుడే బయటపడుతుంది. తక్కువ వేగంలో పై గేరులో బండిని లాగిస్తే ఆ మిశ్రమం తనంతట మండటానికి మరింత వ్యవధి దొరుకుతుంది. తీవ్రమైన నాకింగ్ కొనసాగితే పిస్టన్ రింగుల గాడులు విరగవచ్చు, పిస్టన్ తలకు రంధ్రం పడవచ్చు.

స్వయంగా మండకుండా నిలిచే ఇంధన శక్తిని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. 1921లో అమెరికాలోని జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ నాకింగ్‌ను అరికట్టడానికి పెట్రోల్‌లో సీసపు సమ్మేళనం కలిపే పద్ధతిని కనుగొన్నారు. అది ఆరోగ్యానికి హానికరమని తేలడంతో భారత్‌లో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోల్‌కు స్వస్తి పలికారు. ఇప్పుడు పెట్రోల్‌లో కలుపుతున్న ఇథనాల్‌కు సహజంగానే ఆక్టేన్ ఎక్కువ. కిరోసిన్ కల్తీ అయితే ఆక్టేన్ పడిపోతుంది.

డీజిల్‌లో తీరు వేరు

సరుకు రవాణా పికప్‌లలో అధిక భాగం డీజిల్‌వే. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం స్వయంగా మండటమే సహజం. అక్కడ చిక్కు ఆలస్యంతో వస్తుంది. పిచికారీ అయిన డీజిల్ వెంటనే అంటుకోకపోతే, పోగుపడిన ఇంధనమంతా ఒక్కసారిగా మండి గట్టిగా కొడుతుంది. ఇంజెక్టర్ కారడం, ఇంజెక్షన్ సమయం ముందుకు జరగడం, కంప్రెషన్ తగ్గడం, నాసిరకం డీజిల్ ఇందుకు ప్రధాన కారణాలు. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు కొంత శబ్దం రావడం మామూలే. వేడెక్కాక కూడా తగ్గకుంటే పరీక్ష అవసరం.

ముందు శబ్దాన్ని గుర్తించాలి

బరువు మీద వేగం పెంచినప్పుడు వినిపించి, యాక్సిలరేటర్ వదలగానే ఆగే సన్నని గలగల నాకింగ్‌కు గుర్తు. బండి నిలిచి ఉన్నప్పుడు కూడా లయబద్ధంగా వినిపించే టకటక సాధారణంగా టాపెట్లది. లోపలి నుంచి బరువుగా ‘ధబ్ ధబ్’ మని వస్తూ, ఇంజిన్ వేగంతోపాటు పెరిగే శబ్దం కనెక్టింగ్ రాడ్ బేరింగుది కావచ్చు. దానితోపాటు ఆయిల్ హెచ్చరిక దీపం వెలిగితే ఇంజిన్‌ను వెంటనే ఆపి, బండిని లాగించుకుని వెళ్లడమే క్షేమం. వదులైన సైలెన్సర్ రేకు, అరిగిన ఇంజిన్ మౌంటింగ్ కూడా ఇలాంటి శబ్దాన్నే చేయగలవు కాబట్టి, వాటిని ముందుగా చూడటం మేలు.

సీఎన్‌జీ, పెట్రోల్ రెండింటితో నడిచే బండిలో ఒక సులువైన పరీక్ష ఉంది. సీఎన్‌జీకి నాకింగ్‌ను తట్టుకునే శక్తి పెట్రోల్ కంటే చాలా ఎక్కువ. పెట్రోల్‌పై వచ్చే శబ్దం సీఎన్‌జీకి మారగానే ఆగితే ఇంధనం, టైమింగ్, సిలిండర్‌లో పేరుకున్న మసి వైపు అనుమానం మళ్లించాలి. రెండింటిపైనా ఒకేలా ఉంటే యాంత్రిక లోపాన్ని వెతకాలి. బయట అమర్చిన కిట్లలో స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపే పరికరం పెట్రోల్‌పై కూడా పనిచేస్తుంటే నాకింగ్ తప్పదు.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టే క్రమం

1. ఇంజిన్ ఆయిల్, కూలెంట్ మట్టాలు చూడాలి. ఇంజిన్ అతిగా వేడెక్కితే నాకింగ్ పెరుగుతుంది. రేడియేటర్, ఫ్యాన్, థర్మోస్టాట్ పనితీరును పరిశీలించాలి.

2. ఇటీవల ఇంధనం పోయించాకే శబ్దం మొదలైతే, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక మరో బంకులో నింపి చూడాలి.

3. స్కానర్‌తో లోపాల కోడ్‌లు చదవాలి. నాక్ సెన్సర్ శబ్దాన్ని పసిగడితే కంప్యూటర్ స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది. అందువల్ల శబ్దం వినబడకముందే బండి లాగుడు, మైలేజీ తగ్గవచ్చు. సెన్సర్ బోల్టును తయారీదారు సూచించిన బిగువుకే బిగించాలి.

4. స్పార్క్ ప్లగ్‌లు ఆ ఇంజిన్‌కు నిర్దేశించిన రకమో కాదో చూడాలి. గాలి లీకులు, మూసుకుపోయిన ఇంజెక్టర్లు, బలహీనమైన ఇంధన పంపు మిశ్రమాన్ని పలచన చేస్తాయి. పనిచేయని ఈజీఆర్ వాల్వు వేడిని పెంచుతుంది.

5. ఇవన్నీ సరిగా ఉంటే మసి తొలగింపు, టైమింగ్ పరీక్ష, కంప్రెషన్ పరీక్ష చేయించాలి.

డీజిల్ బండిలో ఇంజెక్టర్ల దిద్దుబాటు విలువలు, రిటర్న్ ప్రవాహం చూస్తే లోపమున్న సిలిండర్ తెలుస్తుంది. కామన్ రైల్ ఇంజిన్ నడుస్తుండగా పైపులు వదులు చేసి చూసే పాత పద్ధతి ప్రమాదకరం. వెయ్యి బార్లకు మించిన పీడనంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోనికి పోగలదు.

మరమ్మతు జరిగే వరకు

గేరు తగ్గించి నడపడం, బరువు తగ్గించడం, యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కడం వల్ల ఇంజిన్‌పై ఒత్తిడి తగ్గుతుంది. ఇది తాత్కాలిక ఉపశమనం మాత్రమే. అధిక ఆక్టేన్ పెట్రోల్‌తో శబ్దం ఆగినా, ఆ ఇంజిన్‌కు మామూలు పెట్రోలే నిర్దేశించి ఉంటే అసలు లోపం అలాగే మిగిలి ఉందని గ్రహించాలి.