చెత్త రూల్స్ మారాయ్.. ఇక మూడు కాదు, నాలుగు!

తడి, పొడి డబ్బాలు రెండే ఉన్నాయా? ఇక సరిపోవు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల స్థానంలో కేంద్రం కొత్తవి తెచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. దీంతో రాష్ట్రాలు పాత ప్లాన్లను మార్చుకోక తప్పదు.

ఇంట్లోనే నాలుగు రకాలుగా వేరు చేయాలి:

తడి: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం
పొడి: కాగితం, ప్లాస్టిక్, గాజు సీసాలు
శానిటరీ: డైపర్లు, ప్యాడ్లు.. గట్టిగా చుట్టి ఇవ్వాలి
ప్రత్యేకం: బల్బులు, పెయింట్ డబ్బాలు, మందులు

అన్నీ కలిపేస్తే ఏమవుతుంది? పారిశుద్ధ్య కార్మికులే చేత్తో ఏరాలి. తడిసిన కాగితం రీసైక్లింగ్‌కు పనికిరాక డంపింగ్ యార్డుకే పోతుంది.

అయితే చెత్త బండిలో నాలుగు అరలు లేకుంటే ఇంట్లో వేరు చేసినా వృథాయే. ప్లాన్‌లో ముందు మారాల్సింది బండే!