నెగటివ్, ప్రింటు: హైదరాబాదు వైద్యపరిశోధనల్లో అనుబంధ దత్తాంశ చరిత్ర

వ్యాససంగ్రహం:
వైద్యపరిశోధనలో తేలిన ఫలితం పత్రికలో అచ్చవుతుంది. దానికి ఆధారమైన కొలతలు, రేఖాచిత్రాలు, ప్రశ్నావళులు, అంగీకారపత్రాలు చాలా సందర్భాల్లో అచ్చుకు వెలుపలే ఉండిపోతాయి. పత్రానికి తోడుగా ఇతరులకు అందించవలసిన ఈ సామగ్రిని అనుబంధ దత్తాంశం అనవచ్చు. 1889 నుంచి ఇటీవలి కాలం వరకు తెలుగునేల మీద జరిగిన నాలుగు అధ్యయనాల ఆధారంగా, ఫలితం కంటె దత్తాంశానికే ఆయుష్షు ఎక్కువ అని చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: అనుబంధ దత్తాంశం, క్లోరోఫాం కమిషన్, బేగంపేట, కంటి సర్వే, అంగీకారపత్రం.

1. ఉపోద్ఘాతం

ఫిలింనగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో సినిమాను వృత్తిగా చేసుకున్నవారికి నెగటివ్‌కూ ప్రింటుకూ ఉన్న తేడా వేరే చెప్పనక్కరలేదు. ప్రేక్షకుడు చూసేది ప్రింటు. అది అరిగిపోయినా నెగటివ్ పదిలంగా ఉంటే మరొకటి తీసుకోవచ్చు. రెండూ పోతే సినిమా పేరు మాత్రమే మిగులుతుంది. 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద' తొలి తెలుగు టాకీగా మన చరిత్ర గ్రంథాల్లో ఉంది. చూద్దామంటే చిత్రం లేదు.

పరిశోధనపత్రం ప్రింటు వంటిది. దాని వెనుక ఉన్న దత్తాంశం నెగటివ్ వంటిది. పత్రంలోని నిర్ణయం మీద అనుమానం వచ్చినప్పుడు, నిర్వచనాలు మారినప్పుడు, కొత్త ప్రశ్న పుట్టినప్పుడు తిరిగి చూడవలసింది దత్తాంశాన్నే. పత్రికలు అనుబంధ దత్తాంశాన్ని జాలంలో ఉంచమని కోరడం ఇటీవలి ఆచారమే. అయితే ఆ అవసరాన్ని హైదరాబాదు నూట ముప్పై ఏళ్ల కిందటే చవిచూసింది.

2. క్లోరోఫాం కమిషన్: తప్పిన నిర్ణయం, నిలిచిన గీతలు

1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడాది నుంచే శస్త్రచికిత్స బల్ల మీద ఆకస్మిక మరణాలు నమోదయ్యాయి. మరణం గుండె ఆగడం వల్లనా, శ్వాస ఆగడం వల్లనా అన్నది వైద్యలోకాన్ని రెండుగా చీల్చిన ప్రశ్న. లండన్ వైద్యులు నాడిని కనిపెట్టమన్నారు. ఎడింబరో సంప్రదాయం శ్వాసను గమనిస్తే చాలునంది. ఆ సంప్రదాయంలో సైమ్ వద్ద చదువుకున్న ఎడ్వర్డ్ లారీ, హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతిగా ఉండి రెండో పక్షాన్ని గట్టిగా సమర్థించాడు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం పోషణలో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ జంతువుల మీద ప్రయోగాలు జరిపి, శ్వాసే ముందు ఆగుతుందని తేల్చింది. లండన్ పత్రిక 'లాన్సెట్' దానిని విశ్వసించలేదు. అప్పుడు లారీ చేసిన పని విశేషమైనది. సందేహించిన పత్రికనే ఒక నిపుణుణ్ణి ఎంపిక చేసి పంపమన్నాడు. ఖర్చుకు నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చింది. 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. రక్తపీడనాన్ని గీతలుగా నమోదు చేసే యంత్రంతో వందల ప్రయోగాలు సాగాయి. గుండె మీద ప్రమాదాన్ని నమ్మి వచ్చిన బ్రంటన్, ఇక్కడి ప్రయోగాల తరువాత లారీ పక్షానికి మారాడు.

నివేదిక 1890లో 'లాన్సెట్'లో వెలువడింది. మరుసటి ఏడాది బొంబాయిలో సమగ్ర నివేదిక గ్రంథరూపంలో అచ్చయింది. నేటి పరిభాషలో ఇది మూలపత్రానికి అనుబంధం. దానికి ఖర్చు పెట్టిన ప్రభుత్వం తన వైద్యుడి వాదమే నిలుస్తుందని ఆశించి ఉండవచ్చు. జరిగింది వేరు. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ క్లోరోఫాం మీద తమ నివేదికను 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ప్రచురించారు. రెండో హైదరాబాదు కమిషన్ మీద విమర్శ అన్న మాట ఆ నివేదిక శీర్షికలోనే ఉంది. ఒక జంతువు మెదడుకు మరొక జంతువు రక్తాన్ని అందించే ఏర్పాటుతో, మందు మెదడుకు మాత్రమే చేరినప్పుడూ గుండెకు చేరినప్పుడూ ఏమవుతుందో వారు విడివిడిగా చూశారు. పీడనం పడిపోవడానికి గుండె మీద మందు ప్రభావమే కారణమని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి మత్తులోనే గుండె లయ చెదిరి ప్రాణం పోగలదని నిరూపించాడు. శ్వాసను గమనిస్తే చాలునన్న లారీ సూత్రం అంతటితో నిలబడలేదు.

నిర్ణయం ఓడింది. అయినా కమిషన్ శ్రమ వృథా కాలేదు. విమర్శకులకు ఎదుట పెట్టుకోవడానికి పరిస్థితులు, కొలతలు, క్రమం తెలిపే వివరాలు ఉన్నాయి. కేవలం 'శ్వాసే కారణం' అన్న ఒక వాక్యాన్ని ఎవరైనా నమ్మవచ్చు, కాదనవచ్చు, పరీక్షించలేరు.

3. బేగంపేట: పత్రంతో పాటు ప్రయాణించిన స్లైడ్లు

1897 ఆగస్టు 20న సికిందరాబాదు సమీపంలోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి దశను గుర్తించాడు. ఆ పరిశీలన డిసెంబరు 18న 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో అచ్చయింది. రాస్ మాటతో పాటు, ఆ కణాలను స్వయంగా చూసిన సర్జన్ మేజర్ స్మిత్ వ్యాఖ్య, లండన్ చేరిన నమూనాలను పరిశీలించిన మాన్సన్ ప్రభృతుల అభిప్రాయాలు దాని వెంట ఉన్నాయి. రెండు దోమల ఆధారంగా చేసిన ప్రతిపాదనకు అంత బలం రావడానికి ఒక కారణం, చూసినదాన్ని ఇతరులు చూసే వీలు కల్పించడం.

ఈ కథలో మరొక పార్శ్వం ఉంది. దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని తన రక్తాన్ని దోమలకిచ్చిన రోగి హుసేన్ ఖాన్ పేరు చరిత్రలో నమోదైంది. ఆ నమోదుకు ఆయన అనుమతి అడగాలన్న ఆలోచన ఆ కాలానికి లేదు. పంచుకోవడంలోని మేలు, దానిలోని చిక్కు బేగంపేటలో ఒకేచోట కనిపిస్తాయి. రాస్ పరిశోధించిన భవనం మన వద్ద ఉంది. ఆయన లేఖలు, కాగితాలు ప్రధానంగా బ్రిటన్ భాండాగారాల్లో ఉన్నాయి. దత్తాంశం ఎవరి వద్ద ఉంటే చరిత్ర వారి గదిలో రాయబడుతుంది.

4. సినిమా సొమ్ము, కంటి సర్వే

'భక్త ప్రహ్లాద'లో నటించి, తరువాత దర్శకనిర్మాతగా ఎదిగిన ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలాన్నీ ధనాన్నీ సమకూర్చగా, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ 1987లో హైదరాబాదులో మొదలైంది. జూబ్లీహిల్స్‌ను ఆనుకొని ఉన్న బంజారాహిల్స్‌లోని ఈ సంస్థ 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్ కంటివ్యాధుల అధ్యయనాన్ని నిర్వహించింది. హైదరాబాదు నగరంలో 24, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాల్లో 70 సమూహాలను ఎంచుకున్నారు. అర్హులైన 11,786 మందిలో 10,293 మందిని పరీక్షించారు.

అంధత్వం 1.84 శాతమని ఈ అధ్యయనం అంచనా వేసింది. అందులో 44 శాతానికి శుక్లాలు, 16.3 శాతానికి కళ్లద్దాలతో సరిదిద్దగల దృష్టిదోషాలు కారణమని చెప్పింది. ఈ అంకెల వెనుక ఒక నిర్వచనం ఉంది: మెరుగైన కంటిలో చూపు 6/60 కంటె తక్కువ కావడం లేదా దృష్టిక్షేత్రం బాగా కుంచించుకుపోవడం. 2017లో భారతప్రభుత్వం అంధత్వ నిర్వచనంలోని చూపు పరిమితిని 6/60 నుంచి 3/60కి మార్చింది. అంతకుముందు అంధుల లెక్కలో ఉన్న కొందరు, వారి కళ్లలో ఏ మార్పూ లేకుండానే, ఆ లెక్కలోంచి బయటికి వచ్చారు. 2015-19 జాతీయ సర్వే కొత్త నిర్వచనంతో 0.36 శాతమని చెప్పింది. ప్రాంతం, వయస్సు, పద్ధతి వేరైన ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి అంధత్వం ఇంత తగ్గిందనడం పొరపాటు. సరైన పోలిక కావాలంటే ఒక్కొక్కరి చూపు కొలత ఉన్న మూలపట్టికకు వెళ్లి కొత్త కొలబద్దతో తిరిగి లెక్కించాలి. అచ్చయిన శాతం ఆ పనికి చాలదు.

పాత నమోదులు పదిలంగా ఉండడం వల్లనే ఇదే అధ్యయనపు గ్రామీణవ్యక్తులను దశాబ్దం దాటిన తరువాత మళ్లీ వెతికి పరీక్షించగలిగారు. తెలుగు పరిశోధకులకు ఇందులో ప్రత్యేక ఆసక్తి ఉండాలి. పత్రాలు ఇంగ్లీషులో ఉన్నాయి. జవాబిచ్చినవారిలో అధికులు తెలుగువారు. చూపు 'మసక', 'మందం', 'ఆనడం లేదు' అన్న మాటల్లో ఏది ఏ గడిలో చేరిందో తెలిపేది స్థానికభాషా ప్రశ్నావళి మాత్రమే. దానిని అనుబంధంగా పంచుకుంటే వైద్యునికీ భాషావేత్తకూ కూడా ఉపయోగం.

5. ఖమ్మం: అంగీకారపత్రమే దత్తాంశం

2009 జులై 9న ఖమ్మం జిల్లాలో గర్భాశయముఖ క్యాన్సర్ నివారణ టీకా ప్రదర్శన పథకం ప్రారంభమైంది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్యపరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వం ఇందులో భాగస్వాములు. 10-14 ఏళ్ల బాలికలకు, గిరిజన వసతిగృహాల వారితో సహా, టీకాలు వేశారు. కొన్ని మరణాల వార్తల తరువాత 2010 ఏప్రిల్‌లో పథకం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చునని విచారణ సంఘం అభిప్రాయపడింది.

అయితే ఆ విచారణ వెలికితీసిన మరో సంగతి వేరే కాగితాల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకారపత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు వసతిగృహాల వార్డెన్లవి. పార్లమెంటు స్థాయీసంఘం 2013 ఆగస్టులో తన 72వ నివేదికలో ఈ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా ఎంతమందికి వేశారన్న పట్టిక చూస్తే ఈ విషయం తెలియదు. అంగీకారపత్రాలను ఎవరో లెక్కపెట్టవలసి వచ్చింది. వైద్యపరిశోధనలో ఖాళీ ప్రతి, దాని స్థానికభాషా పాఠం, ఎవరు సంతకం చేశారన్న సంక్షిప్త పట్టిక మొదటినుంచీ అనుబంధంలో ఉంటే, ఆ లెక్క విచారణ దాకా ఆగనక్కరలేదు.

6. రెండు అభ్యంతరాలు

మొదటిది గోప్యత. పేరు తొలగించినంత మాత్రాన మనిషి దాగడు. చిన్న గ్రామంలో అరుదైన కంటిజబ్బున్న ఒకే ఒక్క పిల్లవాణ్ణి వయస్సు, లింగం, ఊరు అన్న మూడు వివరాలతో పట్టుకోవచ్చు. కాబట్టి ప్రశ్నావళులు, నిర్వచనాలు, సంక్షిప్త పట్టికలు అందరికీ తెరిచి ఉంచి, వ్యక్తిస్థాయి నమోదులను నైతికసంఘం అనుమతితో మాత్రమే ఇవ్వడం న్యాయం. ఈ షరతు అంగీకారపత్రంలోనే తేట తెలుగులో ఉండాలి.

రెండోది శ్రమ. ఎండలో ఊరూరా తిరిగి సేకరించినవారి కష్టాన్ని గదిలో కూర్చున్నవారు పత్రంగా మలుచుకుంటారన్న భయం నిరాధారం కాదు. దత్తాంశాన్నే స్వతంత్ర ప్రచురణగా గుర్తించి, వాడుకున్న ప్రతిసారీ సేకర్తలను పేర్కొనడం దీనికి మందు.

దాచడం వల్ల కలిగే కీడుకు దగ్గరి ఉదాహరణ 'లాన్సెట్'దే. 2020 మే 22న కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ హానికరమన్న పత్రాన్ని అది ప్రచురించింది. ఆధారమైన రోగుల నమోదులను సర్జిస్ఫియర్ సంస్థ స్వతంత్ర పరీక్షకులకు చూపడానికి నిరాకరించడంతో, జూన్ 4న ముగ్గురు రచయితలు పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. 1889లో హైదరాబాదు ప్రయోగాలను కళ్లారా చూడడానికి మనిషిని పంపిన పత్రికకు ఇది ఎదురైంది.

7. ముగింపు

క్లోరోఫాం కమిషన్ నిర్ణయం వీగిపోయినా దాని నమోదులు వాదాన్ని ముందుకు నడిపాయి. బేగంపేట స్లైడ్లు రెండు దోమల సాక్ష్యానికి సాక్షులను సమకూర్చాయి. కంటి సర్వే మూలకొలతలు మారిన నిర్వచనానికి కూడా జవాబు చెప్పగలవు. ఖమ్మంలో సంతకాల లెక్క తేలడానికి విచారణ కావలసివచ్చింది. ఈ నాలుగింటిలోనూ పత్రం కంటె దాని వెంట ఉన్న కాగితమే ఎక్కువ కాలం పనికివచ్చింది.

ఈ మాట వైద్యానికే పరిమితం కాదు. జానపదగేయాలు, మాండలిక పదాలు, మౌఖిక చరిత్రలు సేకరించి పట్టాలు పొందిన సిద్ధాంతగ్రంథాలు మన విశ్వవిద్యాలయాల్లో ఎన్నో ఉన్నాయి. వాటి వెనుక ఉన్న టేపులు, రాతప్రతులు, ప్రశ్నావళులు గ్రంథంతో పాటు సమర్పించాలన్న నియమం ఉండదగినది. పాడినవారు గతించాక, ఆ టేపు తప్ప మరో నెగటివ్ ఉండదు.