నైరుతి మూల: టోర్నడో అపోహల చరిత్ర

టోర్నడో వస్తే నేలమాళిగలో నైరుతి మూలకు చేరాలని అమెరికా మధ్య మైదానాల్లో తరతరాలు నమ్మాయి. ఈ నమ్మకానికి బలమిచ్చింది పుకార్లు కాదు, నిపుణుడి పుస్తకమే. సైన్యపు సిగ్నల్ కోర్‌లో వాతావరణ పరిశీలకుడు జాన్ పార్క్ ఫిన్లీ 1887లో అచ్చువేసిన గ్రంథంలో, ఈశాన్య మూలనా తూర్పు గోడ పక్కనా ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండొద్దని హెచ్చరించారు. అక్కడి టోర్నడోలు ఎక్కువగా నైరుతి నుంచి వస్తాయి కాబట్టి శిథిలాలు ఈశాన్యం వైపు పడతాయన్నది ఆయన లెక్క. వినడానికి సబబుగానే ఉంది. కానీ 1966 జూన్ 8న కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాను టోర్నడో చీల్చుకుపోయాక, కూలిన ఇళ్లను వాతావరణ శాస్త్రవేత్త జోసెఫ్ ఈగిల్‌మన్ పరిశీలించారు. నైరుతి భాగం సురక్షితం కాదని తేలింది. గాలి మొదట తాకే వైపు గోడలే లోపలికి కూలాయి.

అదే రోజు మరో నమ్మకమూ కూలింది. ఊరికి నైరుతిన ఉన్న బర్నెట్స్ మౌండ్ అనే గుట్ట టొపీకాను కాపాడుతుందని స్థానికుల విశ్వాసం. టోర్నడో ఆ గుట్ట మీదుగానే ఊళ్లోకి దిగింది.

టోర్నడో పుట్టుక చూస్తే గుట్ట దాన్ని ఎందుకు ఆపలేదో తెలుస్తుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి కింద పాకుతుంటే, పైన పడమటి పీఠభూముల పొడిగాలి వీస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగం, దిశ మారితే పొరల మధ్య అడ్డంగా సుడి ఏర్పడుతుంది. ఉరుముల మేఘంలోకి ఎగసే గాలి ఆ సుడిని నిలువుగా లేపితే మేఘపు నడుమ భాగం తిరగడం మొదలవుతుంది. అదే సూపర్‌సెల్. కిలోమీటర్ల ఎత్తున్న ఆ యంత్రానికి చిన్న గుట్ట ఒక లెక్క కాదు. వేడిగాలి, చల్లగాలి ఢీకొంటే చాలు టోర్నడో పుడుతుందన్న మాటా సగం నిజమే: సూపర్‌సెల్‌లలోనూ చాలావాటికి టోర్నడో పుట్టదు.

టోర్నడోలను ముందుగా చెప్పే ప్రయత్నం 1884లో ఫిన్లీతోనే మొదలైంది. తన అంచనాలు 96.6 శాతం నిజమయ్యాయని ఆయన ప్రకటించారు. ఎప్పుడూ 'టోర్నడో రాదు' అనే చెప్పి ఉంటే 98 శాతం దాటేదని విమర్శకులు ఎత్తిచూపారు! తర్వాత జనం బెదిరిపోతారన్న భయంతో 'టోర్నడో' అన్న మాటనే ప్రకటనల్లో నిషేధించారు. 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే అధికారులు చెప్పిన అంచనా అదే సాయంత్రం నిజమైంది. 1950లో వాతావరణ సంస్థ ఆంక్ష సడలించింది.

కిటికీలు తెరవాలన్న సలహా కూడా చాలాకాలం నిలిచింది. లోపలి పీడనానికి ఇల్లు పేలిపోతుందని భయం. నిజానికి గాలి దూరి పైకప్పును ఎత్తేస్తుంది, ఆసరా పోయిన గోడలు కూలతాయి. కిటికీల దగ్గర పోయేది సమయమే.

వంతెన కింద దాక్కుంటే క్షేమమన్న ఇటీవలి అపోహ టీవీ చలవ. 1991లో కాన్సస్ హైవే వంతెన కింద దాక్కుని బతికిన కొందరి వీడియో దేశమంతా చూసింది. బలమైన గాలి అక్కడ నేరుగా తాకలేదన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. 1999 మే 3న ఓక్లహోమాలో మూడు వంతెనల కింద ఒక్కొక్కరు చొప్పున చనిపోయారు.