కంపెనీ అనే మాటలో రొట్టె ఉంది



మన సంఘం నుండి ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలకు పనికి వెళ్ళే బిడ్డలు "కంపెనీకి పోతున్నాం" అంటారు. ఈ ఇంగ్లీషు మాట పుట్టుకను ఈ వారం మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాము.

మన తీరానికి ఇది వర్తకులతో వచ్చింది. 1600లో లండనులో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టింది. ఇంగ్లీషువారికి ఈ మాట పాత ఫ్రెంచి నుండి, ఫ్రెంచివారికి లాటిను నుండి వచ్చింది. లాటినులో 'కుమ్' అంటే తోడు, 'పానిస్' అంటే రొట్టె. 'కంపానియో' అంటే మనతో కలిసి రొట్టె తినేవాడు. అలాంటివారి గుంపే కంపెనీ. ఆ పానిసే పోర్చుగీసువారి నోట పావ్ అయింది. మనం బండి దగ్గర తినే పావ్ భాజీలోని పావ్ అదే!

లాటినువారు ఈ మాటను జర్మానిక్ భాషల మాదిరిని చూసి కట్టారని పండితులు భావిస్తారు. గోతిక్ భాషలో ఇదే అర్థంతో 'గహ్లైబ' అనే మాట ఉంది. 4వ శతాబ్దంలో బిషప్ ఉల్ఫిలా ఆ భాషలోకి బైబిలును అనువదించాడు. ఆ గోతిక్ బైబిలులో యోహాను 11:16 చూస్తే, తోమా తోడి శిష్యులను చెప్పే చోట ఈ మాటే ఉంది. శిష్యులంటే ఒకే రొట్టె తిన్నవారు! యూదయకు తిరిగి వెళ్తే ప్రాణాపాయమని తెలిసీ, ప్రభువుతో చావుకైనా సిద్ధపడదామని తోమా పిలిచింది వారినే.

ప్రియులారా, ఒకే షెడ్డులో పనిచేస్తూ కూడా పర్మనెంటువారు ఒకచోట, కాంట్రాక్టువారు మరొకచోట డబ్బాలు విప్పుకోవడం మనం ఎరిగినదే. కొరింథులో కలిగినవారు ముందుగా తినేసి, లేనివారిని ఆకలితో ఉంచినందుకు పౌలు ఆ సంఘాన్ని గద్దించాడు (1 కొరింథీ 11). ఆదివారం ఒకే రొట్టెలో పాలుపొంది, సోమవారం పక్కవాని కులమూ జీతమూ చూసి జరిగి కూర్చుంటే, ప్రభువు బల్ల దగ్గర మనం నేర్చుకున్నదేమిటి?

ఈ వారం డ్యూటీలో డబ్బా మూత తీసేటప్పుడు, ఒంటరిగా తినే ఒక్కరిని మీ పక్కకు పిలవండి. కూర ఏదైనా సరే, పంచుకోండి. అప్పుడే అది నిజంగా కంపెనీ అవుతుంది.

ప్రభువు మీ చేతుల కష్టార్జితమును దీవించును గాక. ఆమేన్.