పార్లమెంటరీ పరిభాషలో అర్థవిపర్యయము : కృష్ణాతీరపు సాక్ష్యము

విజయవాడ మల్లేశ్వరాలయమున తూర్పు చాళుక్యరాజైన యుద్ధమల్లుని శాసనస్తంభము కలదు. ఇది పదవ శతాబ్ది నాటిదని పెక్కురు పరిశోధకుల మతము. మధ్యాక్కర పద్యములలో నున్న యీ శాసనమున కుమారస్వామి గుడియు, మఠమును ప్రస్తావింపబడినవి. ఆ మఠమున గొరగలకు దక్క నన్యులకు నివాసము నిషిద్ధమను కట్టడియు నందు గలదు. విధించినవాడు రాజు, పాటింపవలసినవారు ప్రజలు. శాసనమను పదమునకు నాటి యర్థ మిదియే. అదే నగరమునుండి నేడు ప్రజలు తమ ప్రతినిధిని ‘శాసనసభ’కు బంపుచున్నారు. పదము మారలేదు, శాసించు కర్త మారినాడు. ఈ మార్పును గుర్తించుటయే యీ వ్యాసోద్దేశము.

పార్లమెంటరీ పరిపాలన మనకు ఆంగ్లేయుల మూలమున వచ్చినది. దానిని తెలుగున వివరింపవలసిన భారము మొదట పత్రికలపై బడినది. 1902లో బందరున వెలసిన కృష్ణాపత్రికయు, ఎలకుర్రు వాస్తవ్యులైన కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికయు ఈ కార్యమున అగ్రగణ్యములు. విజయవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు పారిభాషికపదములను కోశముగా గూర్చిరి. క్రొత్త భావములకు క్రొత్త పదములను సృజించుటకంటె, రాజనీతి గ్రంథములలోని పాతపదములను గ్రహించుట సులభమయ్యెను. ప్రభుత్వము, మంత్రి, సభాపతి, విశ్వాసము ఇట్టివే.

మంత్రి యనగా రాజునకు ఆలోచన చెప్పువాడు. అతని పదవి రాజు చిత్తముపై నాధారపడును. 1919 చట్టముచే నేర్పడిన ద్వంద్వప్రభుత్వమున మద్రాసు మంత్రులు శాసనసభ్యులే యైనను, వారిని నియమించువాడు గవర్నరు. ముఖ్యశాఖలు అతని యధీనముననే యుండెను. కావున పాత యర్థము నాటికి పూర్తిగా తొలగలేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము మంత్రిమండలిని సమష్టిగా శాసనసభకు బాధ్యురాలిని జేసినది. అప్పుడే యీ పదమునకు నిజమైన అర్థాంతరము కలిగినది.

సభాపతి పదము మరింత విచిత్రము. ఆంగ్లమున స్పీకరనగా సభ పక్షమున రాజుతో మాటలాడువాడు, అనగా సభకు నోరు. తెలుగు పదమో సభకు ప్రభువను స్ఫూర్తి నిచ్చుచున్నది. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ప్రథమ సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు విజయవాడ వారే. ఆయన స్వాతంత్ర్యోద్యమమునుండి ఆ పీఠమునకు వచ్చినవారు. పదములోని ‘పతి’త్వమును గాక, సభ యప్పగించిన బాధ్యతనే ఆ పీఠము సూచింపవలెను.

అన్నిటికంటె పూర్తిగా తలక్రిందులైనది విశ్వాసము. స్వామియందు సేవకుడు చూపునది విశ్వాసమని లోకవ్యవహారము. ఉప్పు తిన్న విశ్వాసమని పలుకుబడి. శాసనసభయందు ఏలువారే ప్రజాప్రతినిధుల విశ్వాసమును పొందవలెను. ఈ సంగతి తెలుగువారికి 1954 నవంబరు 6న కర్నూలులో ప్రత్యక్షమైనది. ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము, మద్యనిషేధ వివాదమున, అవిశ్వాసతీర్మానముచే ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. సైమన్ కమిషన్ రాకనాడు తుపాకులకు రొమ్ము చూపిన నాయకుడు ఒక్క ఓటునకు దలయొగ్గి పదవి వీడెను. నిఘంటువు చెప్పజాలని అర్థమును ఆ యొక్క ఓటు చెప్పినది. ‘ఓటుకుండ’ యనుచో పగులును దెలుపు దేశ్యపదమే తెలుగున నెరిగిన మనకు, అదే ధ్వనిగల ఈ యాంగ్లపదము ప్రభుత్వమును నిలుపు ఆధారమైనది!

అయినను పాత యర్థములు పూర్తిగా నశింపలేదు. ప్రభుత్వము ‘వరములు’ ప్రకటించెనని పత్రికలు నేటికిని వ్రాయుచున్నవి. వరమిచ్చువాడు దేవుడో, దేవుని పోలిన రాజో కావలెను. తన పన్నుతో ఖజానా నింపిన పౌరుడు వరార్థి గాడు. 1966లో తెలుగును అధికారభాషగా జేయు చట్టము వెలువడినది. భాషను కార్యాలయములకు దెచ్చుట కొంత పని. ఆ భాషలోని రాజును వెలికి బంపుట మిగిలిన పని. మల్లేశ్వరాలయ స్తంభముపై నక్షరములు చెక్కినవాడు రాజాజ్ఞకు లోబడినవాడు. నేటి శాసనమునకు మూలము ఓటరు ఆజ్ఞ. ఈ భేదము పదము పలుకునప్పుడెల్ల స్ఫురించిననాడే పరిభాష సార్థకమగును.