మనసుకు మందా, మార్గమా?



"మీ కోడలు ఏం చేస్తోందండీ?" అని అడిగితే, "సైకాలజీ చదివిందమ్మా. కొన్నేళ్ళు థెరపీ చేసింది. ఇప్పుడది మానేసి లైఫ్ కోచ్ అయింది" అనే జవాబు ఈమధ్య తరచుగా వినబడుతోంది. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళల్లోనే కాదు, హైదరాబాదులోనూ విజయవాడలోనూ కూడా. వినగానే మనకు తోచేది ఒకటే: అంత చదువు చదివి, చేస్తున్న వైద్యం మానుకుని, ఇదేం పనమ్మా అని. ఆ సందేహం వెనకాలే ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. మన ఇంట్లో ఒకరికి మనసు బాగాలేకపోతే ఎవరి గుమ్మం ఎక్కాలి? థెరపిస్టు గుమ్మమా, కోచ్ గుమ్మమా? దీనికి జవాబు కావాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యక తప్పదు. మెట్రిక్ చదువుకున్న నాకు తెలిసినంతలో, అందరికీ తెలిసే మాటల్లో చెబుతాను.

మాటలతో మనసుకు వైద్యం చెయ్యవచ్చునన్న సంగతికి పేరు పెట్టింది ఒక ఆడపిల్ల సుమండీ. ఆమె పేరు బెర్తా పాపెన్‌హైమ్. 1880లో వియన్నా నగరంలో ఆమెకు 21 ఏళ్ళు. తండ్రి మంచం పడితే రాత్రిళ్ళు మేలుకుని సేవ చేసింది. చేస్తూ చేస్తూ తనే మంచం పట్టింది. చెయ్యీ కాలూ స్వాధీనం తప్పాయి. కొన్నాళ్ళు గ్లాసు ఎదురుగా ఉన్నా నీళ్ళు తాగలేకపోయింది. మాతృభాష జర్మనును మరిచిపోయి ఇంగ్లీషులోనే మాట్లాడింది. జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టరు రోజూ వచ్చి ఆమె చెప్పేది ఓపిగ్గా వినేవాడు. మనసులో ఉన్నది చెప్పుకున్న రోజున ఆమె కొంత తేరుకునేది. దీనికి "మాటల వైద్యం" అని ఆమే పేరు పెట్టింది. సరదాకి "పొగగొట్టం దులపడం" అని కూడా అనేదట. పొయ్యి దగ్గర బతికే మనకు ఆ పోలిక ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు కదా!

బ్రాయరూ, ఫ్రాయిడూ కలిసి 1895లో హిస్టీరియా మీద వేసిన పుస్తకంలో ఈమెను "అన్నా ఓ" అనే మారుపేరుతో రాశారు. మనోవిశ్లేషణ అనే శాస్త్రానికి మొదటి మెట్టు అదే. అయితే ఆ పుస్తకం చదివినవారికి ఆమె వెంటనే కోలుకున్నట్టు అనిపిస్తుంది గాని, నిజానికి ఆ తర్వాత కూడా ఆమె కొన్నేళ్ళపాటు శానిటోరియాలకు వెళ్ళి వస్తూనే ఉంది. మెల్లగా తేరుకున్నాక ఫ్రాంక్‌ఫర్టులో అనాథ బాలికల కోసం పనిచేసింది. 1904లో జర్మనీలో యూదు స్త్రీల సమాఖ్య స్థాపించింది. 1936లో కన్నుమూసేదాకా దిక్కులేని ఆడపిల్లలకు దారి చూపిస్తూనే ఉంది. మనసుకు నయం కావడం ఒక పని, బతుకుకు బాట వేసుకోవడం ఇంకొక పని. ఆ రెండూ ఒక్క మనిషి జీవితంలోనే కనిపిస్తాయి, చూశారూ!

మరి ఈ మాటల వైద్యం ఎవరు చెయ్యాలి? మొదట్లో అమెరికాలో డాక్టర్లు "ఇది మా సొత్తు" అన్నారు. డాక్టరు కాని కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్టు 1942లో ఒక పుస్తకం రాసి, వచ్చిన మనిషిని "రోగి" అనకుండా "క్లయింటు" అన్నాడు. మనం వకీలు దగ్గరికి వెళితే క్లయింటు అంటారే, అదే మాట. మాట చిన్నదే గాని దాని వెనక ఉన్న ఆలోచన పెద్దది. ఎదుటివాడికి జబ్బున్నా లేకపోయినా తన దారి తను వెతుక్కోగల శక్తి అతనిలో ఉంది, మనం శ్రద్ధగా వింటే ఆ శక్తి మేలుకుంటుందని అతని నమ్మకం. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. మనసు చెదిరి తిరిగొచ్చిన సిపాయిలు వేలకొద్దీ ఉన్నారు, డాక్టర్లు చాలలేదు. 1946 నుంచి అక్కడి ప్రభుత్వమే డబ్బిచ్చి సైకాలజిస్టులకు ఈ వైద్యంలో తరిఫీదు ఇప్పించింది. 1945లో కనెటికట్ రాష్ట్రంతో మొదలై 1977 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ సైకాలజిస్టులకు చట్టం వచ్చింది.

చట్టం అంటే ఏమిటన్నమాట? ఇంత చదువు చదవాలి, ఇన్ని గంటలు పెద్దల పర్యవేక్షణలో పనిచెయ్యాలి, విన్న సంగతి బయటపెట్టకూడదు, క్లయింటుతో వేరే సంబంధాలు పెట్టుకోకూడదు. తప్పు జరిగితే ఫిర్యాదు వినడానికి ఒక బోర్డు ఉంటుంది, లైసెన్సు పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక రెండో దారి. "కోచ్" అనే మాట హంగేరీలోని కోచ్ అనే పల్లెటూరి నుంచి వచ్చింది. 15వ శతాబ్దంలో అక్కడ మంచి గుర్రబ్బళ్ళు చేసేవారు. ఊరి పేరే బండి పేరయింది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, పరీక్ష గట్టెక్కించే ట్యూషను మాస్టర్ని వేళాకోళంగా "కోచ్" అన్నారు, బండెక్కించి ఊరు చేర్చేవాడని. అక్కణ్ణించి ఆటల్లోకి వచ్చింది. మన ఊళ్ళల్లో కోచింగ్ సెంటరు అంటున్నామే, ఆ మాట పుట్టుక ఇదే.

ఆట నుంచి బతుకులోకి ఎలా వచ్చింది? 1962లో కాలిఫోర్నియాలో ఎసాలెన్ అనే కేంద్రం వెలిసింది. జబ్బులేని మనిషి కూడా ఇంకా ఎదగవచ్చునన్నది అక్కడ చేరినవారి వాదం. ఏబ్రహాం మాస్లో వంటి సైకాలజిస్టులు అప్పటికే ఆ మాట చెబుతున్నారు. 1974లో తిమోతీ గాల్వే అనే టెన్నిస్ కోచ్, అవతలి కోర్టులో ఉన్న మనిషికన్నా మన తలలో ఉన్న ప్రత్యర్థే గట్టివాడని ఒక పుస్తకం రాశాడు. టెన్నిస్ ఆడనివాళ్ళు కూడా దాన్ని చదివారు. కారు పందేలలో పేరుపొందిన జాన్ విట్మోర్ ఆ పద్ధతిని ఇంగ్లండులో కంపెనీల్లోకి తీసుకుపోయి 1992లో తన పుస్తకం తెచ్చాడు. అదే 1992లో అమెరికాలో థామస్ లియొనార్డ్ అనే ఆయన లైఫ్ కోచ్‌లకు బడి పెట్టాడు. ఈయన జనానికి డబ్బు దాచుకునే సలహాలిచ్చేవాడు. డబ్బు గురించి వచ్చినవాళ్ళు "ఉద్యోగం మారనా? ఇల్లు కట్టనా? అసలు నాకేం కావాలి?" అని బతుకు గురించే అడిగేవారట. 1995లో అంతర్జాతీయ కోచ్‌ల సమాఖ్య కూడా ఆయన చేతిమీదుగానే మొదలైంది.

గమనించారా? ఒకాయన టెన్నిస్ మాస్టరు, ఒకాయన కారు పందెగాడు, ఒకాయన డబ్బు లెక్కలవాడు. వీళ్ళెవరూ మనసు వైద్యులు కారు. మరి థెరపిస్టులు ఈ బండి ఎందుకెక్కారు?

కారణం చాలావరకు డబ్బు, చాకిరీ, కాగితాలు. అమెరికాలో వైద్యం ఖర్చు ఇన్సూరెన్సు కంపెనీలు భరిస్తాయి. 1980, 1990 దశకాల్లో ఆ కంపెనీలు పట్టు బిగించాయి. ఇన్నిసార్లే కూర్చోవాలి, ముందుగా అనుమతి తీసుకోవాలి, ఇంతే ఫీజు అన్నాయి. అన్నిటికన్నా చిక్కైన షరతు ఇంకొకటి ఉంది. జబ్బు పేరు రాస్తేనే డబ్బు వస్తుంది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయి ఏం చెయ్యాలో తోచని ఒక ఇల్లాలు వచ్చిందనుకోండి. ఆమెకు జబ్బేమీ లేదు. కాని కాగితం మీద ఏదో ఒక జబ్బు పేరు పడాలి. ఆ పేరు రికార్డుల్లో ఆమెను వెన్నంటి ఉంటుంది. మనసున్న థెరపిస్టుకు అది ఎంత కష్టం! దానికి తోడు పొద్దస్తమానం కన్నీళ్ళు వినీ వినీ అలిసిపోవడం ఒకటి. కోచింగులో జబ్బు పేరు అక్కర్లేదు, కంపెనీ అనుమతి అక్కర్లేదు, ఫీజు నేరుగా చేతికొస్తుంది. థెరపీ లైసెన్సు అప్పట్లో రాష్ట్రం పొలిమేర దాటేది కాదు. కోచ్ అయితే టెలిఫోనులో ఏ దేశంవారితోనైనా మాట్లాడవచ్చును.

ప్యాట్రిక్ విలియమ్స్ అనే సైకాలజిస్టు 1998లో థెరపిస్టులను కోచ్‌లుగా తయారుచేసే సంస్థ పెట్టాడు. 2002లో డెబొరా డేవిస్ అనే ఆవిడతో కలిసి, థెరపిస్టు కోచ్‌గా మారడమెలాగో పుస్తకమే రాశాడు. అదే 1998లో అమెరికా సైకాలజిస్టుల సంఘానికి అధ్యక్షుడైన మార్టిన్ సెలిగ్మన్, "మనం జబ్బులనే చదివాం, సంతోషాన్ని చదవలేదు" అనే ధోరణిలో కొత్త శాఖను ముందుకు తెచ్చాడు. ఈ గాలి కూడా కోచింగుకు అనుకూలించింది. అయితే కొలరాడో రాష్ట్రంలో పేచీ వచ్చింది. కోచ్‌లు చేసేది కూడా మనసు వైద్యం కిందికే వస్తుంది కదా అని అక్కడి అధికారులు ప్రశ్నించారు. చివరికి 2004లో కోచ్‌లను ఆ చట్టం నుంచి మినహాయించారు. కోచ్‌ల సమాఖ్య 2023లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 1,09,200 మంది ఈ పనిలో ఉన్నారు.

ఇంతకీ పనిలో తేడా ఏమిటంటారా? థెరపిస్టు గాయం ఎక్కడ తగిలింది, ఎందుకు మానలేదు అని చూస్తారు. కోచ్ ఎక్కడికి వెళ్ళాలి, వచ్చే వారంలోపల ఏ అడుగు వేస్తారు అని అడుగుతారు. విట్మోర్ పుస్తకంతో పేరుపడ్డ పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి: ఏం కావాలి, ఇప్పుడెక్కడున్నాం, ఏయే దారులున్నాయి, ఏది చెయ్యడానికి సిద్ధం. పిల్లల పెంపకంలో పదేళ్ళు గడిచాక మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలనుకునే అమ్మాయికి ఇది నిజంగా ఉపకారం చేస్తుంది. విరిగిన కాలికి కట్టు కట్టేవారు వేరు, పరుగు నేర్పేవారు వేరు. ఇద్దరూ కావలసినవాళ్ళే. చిక్కల్లా విరిగిన కాలితో వచ్చినవాణ్ణి పరుగెత్తించినప్పుడే.

అలాంటి ప్రమాదం ఊహ కాదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో లైసెన్సు పొందిన ఒక కౌన్సెలరు, తర్వాత లైఫ్ కోచింగు సంస్థ నడుపుతూ కుటుంబాలకు సలహాలిచ్చింది. 2023 ఆగస్టులో ఆమె ఇంటినుంచి బక్కచిక్కిన ఒక పసివాడు తప్పించుకుని పొరుగింటి తలుపు తట్టాడు. 2024 ఫిబ్రవరిలో ఆమెకూ, ఆమెను నమ్మి వెంట నడిచిన ఆ పిల్లవాడి తల్లికీ పిల్లలను హింసించినందుకు జైలుశిక్ష పడింది. కోచ్‌లందరూ అలాంటివారని నేననడం లేదు. లైసెన్సు ఉన్నవారిలోనూ చెడ్డవారుంటారు. కాని లైసెన్సు ఉంటే ఫిర్యాదుకు ఒక గుమ్మం ఉంటుంది. కోచ్ అనే పేరుకు ఆ గుమ్మం లేదు.

మన దేశం సంగతి చూద్దాం. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టారు. 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. 1974లో అదే నిమ్‌హాన్స్ అయింది. 1992 చట్టంతో క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలన్న నియమం వచ్చింది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు. లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం మన దగ్గర ఏ లైసెన్సూ అక్కర్లేదు.

మన తెలుగునాట మనసు కష్టం చెప్పుకోవడానికి ఆడవాళ్ళకు చాలాకాలం పత్రికే దిక్కయింది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు దశాబ్దాల తరబడి నడిపిన "ప్రమదావనం" శీర్షిక మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. డాక్టరు దగ్గరికి పోవాలంటే భయం. ఎందుకంటే "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది మన ఇళ్ళల్లో ఒక తిట్టు. వైద్యాలయం పేరే తిట్టుగా మారిన చోట, "కోచ్ దగ్గరికి వెళుతున్నాను" అనడం ఎంతో సులువు. ఆ మాటలో మచ్చ లేదు. కోచింగు మనవాళ్ళను ఆకట్టుకోవడానికి ఇది పెద్ద కారణమని నాకు తోస్తుంది.

కాని ఒక లెక్క వినండి. నిమ్‌హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. వైద్యం తెలిసినవారు ఇంత తక్కువగా ఉన్న దేశంలో, తెలిసిన ఒకమ్మాయి ఆ గది తలుపు మూసి కోచింగు గది తెరిస్తే, బయట వరసలో నిలబడ్డవాళ్ళు ఏమైపోతారు? అలాగని ఆ అమ్మాయిని తప్పుపట్టలేం. ఆమెకూ ఇల్లుంది, అలసట ఉంది. ఆమె చెయ్యవలసిందల్లా తను ఇప్పుడు చేసేది వైద్యం కాదని వచ్చినవారికి మొదటిరోజే స్పష్టంగా చెప్పడం. జబ్బు లక్షణాలు కనబడితే డాక్టరు దగ్గరికి పంపించడం.

మనం చెయ్యవలసిందీ ఉందమ్మా. డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి. మీరేం చదివారు? మీ పేరు ఎక్కడ నమోదై ఉంది? మీ చేతిలో లేని కష్టమైతే నన్నెక్కడికి పంపుతారు? మూడోదానికి "నాకు కానిదేమీ లేదు" అనే జవాబు వస్తే లేచి వచ్చేయండి. నిద్ర, తిండి, పనిమీద ధ్యాస రెండు వారాలు దాటి పాడైతే, లేనివి వినిపిస్తున్నాయంటే, చచ్చిపోవాలనిపిస్తోందంటే కోచ్ గుమ్మం ఎక్కవద్దు, డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. అర్ధరాత్రైనా సరే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు ఫోను చెయ్యవచ్చును. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ నంబరు క్యాలెండరు పక్కన, గ్యాసు బుక్కు నంబరు రాసుకున్న చోటే రాసి ఉంచండి. మన ఇంట్లో అవసరం పడకపోయినా పక్కింటివారికి పనికి రావచ్చు. ఉంటానండీ, సెలవు.