సీసాలో పుట్టిన దోమ

ఇంటిగోడపై వ్రాలిన దోమను పట్టి పరీక్షింపగా, దాని కడుపులో మలేరియాక్రిమి కనబడిన దనుకొందము. ఆ క్రిమి దాని కెచ్చటినుండి వచ్చినది? నిన్న కుట్టిన మనుష్యునినుండియా, మొన్న కుట్టిన పిట్టనుండియా, పుట్టిన నీటిగుంటనుండియా? పట్టి తెచ్చిన దోమ యీ ప్రశ్నకు బదులు చెప్పజాలదు. పుట్టువు మొదలు మన కన్నులయెదుట పెరిగిన దోమయే నమ్మదగిన సాక్షి. ఈ చిన్న విషయమున కెంత విలువ గలదో మన సికిందరాబాదులోనే తేలినది.

దోమకును మలేరియాకును సంబంధ ముండునని 1894లో లండనునందు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు రోనాల్డ్ రాస్‌తో ననెను. సైనికవైద్యుడైన రాస్ 1895లో సికిందరాబాదు చేరి, దోమలను కోసి చూచుచు రెండేండ్లు గడపెను. ఫలితము శూన్యము. అది శ్రద్ధాలోపము కాదు. ఆయనకు చిక్కిన బూడిదవన్నె దోమలును, చారల దోమలును మనుష్యుల మలేరియాను మోయునవి కావు. ఏ జాతి మోయునో నాటి కెవరికిని తెలియదు.

1897 ఆగస్టు నడుమ సహాయకు డొకడు దోమపురుగు లున్న సీసా నొకదానిని తెచ్చెను. వానినుండి రెక్కలపై మచ్చలుగల గోధుమవన్నె దోమలు వెలువడెను. 16వ తేదీన హుసేన్‌ఖాన్ అను మలేరియా రోగిని దోమతెరలో నుంచి వానిచే కుట్టించిరి. కాటున కొక అణా చొప్పున అతనికి ముట్టినదట! రాస్ పేరు వెలిగినంతగా ఆ జ్వరపీడితుని పేరు వెలుగకపోవుట నాకు న్యాయముగా తోచదు. ఉక్కలోనైనను పంకా విసరుటకు వీలులేదు. గాలికి దోమ లెగిరిపోవును. 20వ తేదీన, మిగిలిన రెంటిలో నొకదానిని కోయగా కడుపుగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనబడెను. ఆ రేణువులు రోగుల రక్తములో రాస్ ఎరిగినవే. మరునాడు కోసిన కడపటి దోమలో ఆ కణములు మరింత పెద్దవి. క్రిమి పెరుగుచున్నది! సీసాలో పుట్టిన దోమలు గనుక అవి త్రాగిన రక్త మెవరిదో సందేహము లేదు.

ఒక ప్రాంతపు దోమ యెంత ప్రమాదకరమో తెలియుటకు నేడును పరిశోధనశాలలలో గ్రుడ్డునుండి పెంచిన ఆడుదోమలకే రోగిరక్తము పట్టి, క్రిమి లాలాజలగ్రంథులకు చేరుటకు పట్టు దినములు లెక్కింతురు. ఆ గ్రంథుల మార్గమును రాస్ 1898లో కలకత్తాయందు పిచ్చుకల మలేరియాలో కనిపెట్టెను. మనుష్యుల విషయమున అనాఫిలిస్ దోమయే దోషియని ఆ యేడే ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

1900లో రోమునగరమున రోగిరక్తము త్రాగించిన దోమలు పంజరములలో లండను చేరెను. బాల్యము తరువాత మలేరియా దేశముల కేగని యువకు డొకడు తన చేతి నందించెను. అతడు మాన్సన్ కుమారుడే. సెప్టెంబరులో జ్వరము వచ్చెను. రక్తములో క్రిమి కనబడెను. కొయినాతో నెమ్మదించినది గాని, తొమ్మిది నెలలకు మరల తిరుగబెట్టెను.